దృష్టి కౌంటర్: వంద రోజుల ప్రగతి

"చూపు తగ్గిన పౌరుడికీ, అతనికి కావలసిన పరికరానికీ మధ్య ఇకమీదట ఒక్క కౌంటర్ కూడా అడ్డుండదు" అని మంత్రిగారు ప్రకటించి, ఆ ప్రకటన అమలు కోసం అక్కడికక్కడే ఒక కౌంటర్‌ని ప్రారంభించారు.

ఆయన రిబ్బను కత్తిరిస్తుంటే నేను మూడో వరసలో నిలబడి చప్పట్లు కొట్టాను. నేను ఆ కౌంటర్ పెట్టిన కస్టమ్స్ ఆఫీసు మనిషిని కాను. ఓ క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తాని. బయటి దేశాల నుంచి వచ్చే సరుకుల కాగితాలు చంకలో పెట్టుకుని పద్దెనిమిదేళ్లుగా ఆ వరండాల్లో తిరుగుతున్నాను. అక్కడ జరిగే మంచి పనులు నాకు కనబడినంత దగ్గరగా పత్రికలవాళ్లకి కనబడవు. ఈ మంచి పని కూడా సగమే బయటికొచ్చింది. మిగతా సగం చెప్పకపోతే పాపం ఆ ఆఫీసర్లకి అన్యాయం జరుగుతుందని రాస్తున్నాను.

కౌంటర్ బ్రహ్మాండంగా ఉంది. తెల్ల గాజు మీద వెండి అక్షరాలతో "దృష్టి కౌంటర్" అని రాయించారు. చాలా హుందాగా ఉంది. బాగా దగ్గరికి వెళ్తే చదవొచ్చు కూడా.

"ఇరవై నాలుగు గంటల్లో క్లియరెన్స్! సుంకం సున్నా!" అన్నారు మంత్రిగారు.

"ఇప్పటిదాకా ఎన్ని పరికరాలు వచ్చాయండీ?" అని ఓ విలేఖరి అడిగాడు.

మంత్రిగారు కమిషనర్ వంక చూశారు. కమిషనర్ తన కింది ఆయన వంక చూశారు. ఆయన తన కింది ఆయన వంక చూశారు. అలా చూపు దిగుతూ దిగుతూ ఇంక కింద ఎవరూ లేక నా మీద ఆగింది. నాలుగు రోజుల కిందట వచ్చిన ఓ పెట్టె తాలూకు కాగితాలు నా చంకలోనే ఉన్నాయి.

"ఒకటండీ" అన్నాను.

"ప్రస్తుతానికి ఒకటి" అన్నారు మంత్రిగారు, మిగతావి దారిలో ఉన్నట్టు.

వెంటనే గోడౌన్ నుంచి ఆ పెట్టె తెప్పించి బల్ల మీద పెట్టారు. మంత్రిగారు దాని మీద చెయ్యి వేశారు. ఫొటోలు తీశారు. ఆ విధంగా దృష్టి కౌంటర్ మొదటి రోజునే నూటికి నూరు శాతం పరికరాల మీద చెయ్యి వేసింది.

ఆ పెట్టె ఓ ఫార్మసిస్టుగారిది. ఊళ్లో పెద్దాసుపత్రిలో మందులిచ్చే మూడో కిటికీ వెనక ఆవిడ ఇరవై రెండేళ్లు కూర్చుంది. గొంతు ఖంగుమంటుంది. "ఇది తిన్నాక, ఇది తినక ముందు, ఇది తగ్గిపోయిందని మానేయకుండా" అని కిటికీలోంచి చెప్తే, తనది కాని మందు గురించి కూడా వరస చివరున్నవాడికి గుర్తుండిపోతుంది. రెండేళ్ల కిందట ఆవిడ చూపులో నడిమధ్య భాగం మసకబారింది. చుట్టూ అంచుల్లో కనబడుతుంది, ఎదురుగా ఉన్నది కనబడదు. మీ మొహం చూడాలంటే ఆవిడ మీ చెవి వంక చూడాలి. అట్ట మీది మందు పేరు చూడాలంటే అట్ట అంచు వంక చూడాలి. ఎంత అంచుకి చూసినా ఆ అట్టల మీద అక్షరాలు ఎంతుంటాయో మీకు తెలుసు.

ఓరోజు బీపీ మాత్రల బదులు అచ్చం అలాంటి అట్టే ఉన్న షుగరు మాత్రలు ఓ ముసలాయన చేతిలో పెట్టింది. పెట్టాక బొటనవేలికి మాత్రల వరస తేడాగా తగిలి వెనక్కి లాక్కుంది. ఎవరూ చూడలేదు. ముసలాయన కూడా చూడలేదు. ఆవిడే నేరుగా ఆసుపత్రి సూపరింటెండెంట్ డాక్టరు దగ్గరికి వెళ్లి చెప్పింది. "నాకు అక్షరాలు అందడం లేదు సార్. అందే ఏర్పాటు చేసుకునేదాకా నన్ను ఆ కిటికీలో కూర్చోబెట్టకండి" అంది.

డాక్టరుగారు మంచివాడు. ఆరు నెలలు గడువిచ్చాడు. ఫలానా తారీఖున ఇరవై మందు అట్టలు ఇస్తాను, ఎవరి సాయం లేకుండా చదివితే కిటికీ మీదే, లేకపోతే ఇంకొకళ్లని తీసుకోక తప్పదన్నాడు. అప్పటిదాకా ఆవిణ్ణి దుప్పట్ల గదిలో వేశాడు. ఉతికొచ్చిన దుప్పట్లు లెక్కపెట్టడం. ఇరవై రెండేళ్లు మందులిచ్చిన మనిషి "నూట పది, నూట పదకొండు" అంటూ కూర్చుంది.

లేతు మిషను మీద పనిచేసే ఆవిడ భర్త కంటి డాక్టర్ల చుట్టూ తిరిగి తిరిగి ఈ యంత్రం సంగతి కనుక్కున్నాడు. కింద పళ్లెంలాంటి బల్ల, దాని మీద చిన్న కెమెరా, పైన తెర. పళ్లెంలో మందు అట్ట పెడితే తెర మీద ఒక్కొక్క అక్షరం అరచెయ్యంత అవుతుంది. పెట్టెలో ఉన్నది అదీ.

మర్నాడు పదిన్నరకి ఫార్మసిస్టుగారిని నేనే దృష్టి కౌంటర్‌కి తీసుకెళ్లాను. అక్కడ కూర్చున్న ఆఫీసరుగారిని ఆఫీసులో అందరూ సబ్‌హెడింగ్‌గారు అంటారు. టారిఫ్ పుస్తకంలో ప్రపంచంలోని ప్రతి వస్తువుకీ ఒక హెడింగూ, దాని కింద సబ్‌హెడింగూ ఉంటాయి. అవి చూసే ఏ సరుకు మీద ఎంత సుంకమో తేలుస్తారు. ఈయన తన పెళ్లిలో పెళ్లికూతురిని కూడా ఏ సబ్‌హెడింగో తేలాకే తలెత్తి చూశారని చెప్పుకుంటారు. అంతటి నిష్ఠ.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు పెట్టె చూపించి.

"అక్షరాలు పెద్దవి చేసే యంత్రం సార్."

"అది చేసే పని. నేనడుగుతున్నది అదేమిటని."

ఆవిడ ఆయన చెవి వంక చూస్తూ ఆలోచించింది. ఆయన చెవి తడుముకున్నారు.

"కెమెరా ఉందా?"

"చిన్నది ఉంది సార్. కానీ ఫొటోలు తియ్యదు."

"మా బావమరిది దగ్గరున్నదీ తియ్యదు. కెమెరా అనే అంటాం. తెర ఉందా?"

"ఉంది."

"అయితే టీవీ."

"దాంట్లో ఏమీ రాదు సార్."

"మా ఇంట్లో దాంట్లోనూ ఏమీ రాదు. మా ఆవిడ చూడ్డం మానేసిందా? కింద బల్లలాంటిదేదో ఉందన్నారు."

"పళ్లెం సార్. అట్ట పెట్టుకోడానికి."

"అయితే ఫర్నిచర్." ఆయన పెన్ను మూసి నిట్టూర్చారు. "చూశారా, మీరు ఒక్క పెట్టెలో మూడు హెడింగులు తెప్పించుకున్నారు. అయినా కంగారు పడకండి. మినహాయింపు ఉంది." పుస్తకం తెరిచి వేలు పెట్టి చదివారు. "అంధుల ఉపయోగార్థం దిగుమతి అయ్యే వస్తువులకు సుంకం లేదు."

ఫార్మసిస్టుగారి మొహం విప్పారింది.

"మీరు అంధులా?"

"కాదు సార్. మధ్యలో కనబడదు, అంచుల్లో కనబడుతుంది."

"అంటే కనబడుతుంది."

"అంచుల్లో."

"అంచుల సంగతి ఇందులో లేదమ్మా."

ఆవిడ పెట్టె వంక చెయ్యి చూపించి, "బొత్తిగా కనబడనివాళ్లు ఈ యంత్రాన్ని ఏం చేసుకుంటారు సార్?" అంది.

సబ్‌హెడింగ్‌గారు ఉలిక్కిపడ్డారు. పెన్ను మళ్లీ తీశారు. పైకి చదువుతూ రాశారు. "సదరు యంత్రం అంధులకు ఏమాత్రం ఉపయోగపడదని దరఖాస్తుదారే స్వయంగా ఒప్పుకున్నందున..."

ఎందరో ఆఫీసర్లని చూశాను గానీ, అడిగిన ప్రశ్ననే జవాబుగా రాసుకోగలిగిన మేధావిని అదే చూడటం.

ఆయనలో దయ లేకపోలేదు. రాయడం అయ్యాక గొంతు తగ్గించి, "ఈ తక్కువ చూపు అనేది పూర్తిగా పోయే దారిలో ఉన్నట్టే కదమ్మా?" అని అడిగారు.

"కొందరికి సార్."

"మీది ఎప్పటికి పూర్తవుతుందంటున్నారు డాక్టర్లు?" గోడ మీది క్యాలెండరు రెండు కాగితాలు ముందుకి తిప్పారు. "పూర్తవగానే రండి. ఒక్క పూటలో చేసేస్తాను. నేను మాటిస్తున్నాను."

"వద్దు సార్. సుంకం ఎంతో చెప్పండి, కట్టేసి తీసుకుపోతాం."

"ఎలా కడతారు? హెడింగ్ తేలందే సుంకం ఎంతో తేలదు. పైగా సుంకం సున్నా అని నిన్న మంత్రిగారన్నారు. మీ దగ్గర తీసుకుంటే మంత్రిగారి మాట తప్పినట్టు. తీసుకోకపోతే పుస్తకం తప్పినట్టు. నేను ఆయనకీ అన్యాయం చెయ్యను, పుస్తకానికీ చెయ్యను."

తిరిగొస్తుంటే మెట్ల మీద ఆవిడ నన్నడిగింది. "గుమాస్తాగారూ, ఆయన మంచాయనేనా?"

"చాలా మంచాయనండీ" అన్నాను. నిజమే మరి.

మూడు వారాల్లోనే కమిటీ వేశారు. ఆ ఆఫీసు చరిత్రలో అదొక రికార్డు. కెమెరాల సూపరింటెండెంట్, టీవీల సూపరింటెండెంట్, ఫర్నిచర్ సూపరింటెండెంట్, అధ్యక్షులు సబ్‌హెడింగ్‌గారు. యంత్రాన్ని పెట్టెలోంచి తీసి కౌంటర్ వెనక గదిలో పెట్టి ప్లగ్గు పెట్టారు. ఫార్మసిస్టుగారూ నేనూ గోడవారగా నిలబడ్డాం.

కెమెరాలాయన దాని ముందు నిలబడి జుట్టు సవరించుకున్నారు. టీవీలాయన ఛానల్ మార్చడానికి బటన్లు నొక్కారు. అక్షరాలు నల్లవి తెల్లగా, తెల్లవి నల్లగా మారాయి గానీ వార్తలు రాలేదు. ఫర్నిచర్ సూపరింటెండెంట్ పెద్దాయన, రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. బరువు మోస్తే బల్ల అవుతుంది, మోయకపోతే కాదు అన్నది ఆయన సిద్ధాంతం. చేతికందిన బరువైన వస్తువు టారిఫ్ పుస్తకం. మినహాయింపుల పేజీ తెరిచి ఉన్నదాన్ని అలాగే ఎత్తి పళ్లెంలో పెట్టారు.

తెర మీద అక్షరాలు వెలిగాయి.

"అరె" అన్నారాయన. "ఈ పేజీ కింద చీమలు పాకినట్టు ఉండేది. ఇన్నేళ్లూ అచ్చు చెదిరిందనుకున్నాను. ఇది ఫుట్‌నోటండీ!"

"ఏముంది?" అన్నారు కెమెరాలాయన.

"అంధులు అనగా, చూపు తగ్గినవారిని కూడా కలుపుకొని."

ఫార్మసిస్టుగారు గోడ వదిలి ఓ అడుగు ముందుకి వేసింది. నేను జేబులోంచి దస్తీ తీశాను.

సబ్‌హెడింగ్‌గారు మాత్రం చలించలేదు. "ఎలా చదివారు?" అన్నారు.

"దీంట్లో."

"ఈ యంత్రం సాయంతో."

"అవునండీ."

"ఈ యంత్రం ఏమిటో ఇంకా తేలలేదు. ఏమిటో తేలని వస్తువు చూపించిన అక్షరాన్ని మనం అక్షరమని ఎలా నమ్మడం? పైగా కేసు దానిదే. తన కేసులో తనే సాక్ష్యం చెప్పుకుంటే రేపు ఆడిట్‌వాళ్లు ఊరుకుంటారా?"

ముగ్గురు సూపరింటెండెంట్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంత లోతుగా వాళ్లు ఆలోచించలేదు.

"నేను మొండివాణ్ణి కాదు. మామూలు కంటితో ఎవరైనా చదివి చెప్పండి. ఇక్కడే సంతకం పెట్టేస్తాను" అన్నారు సబ్‌హెడింగ్‌గారు.

పుస్తకం చేతులు మారింది. కెమెరాలాయన కళ్లజోడు తీసి చూశారు. టీవీలాయన కళ్లజోడు పెట్టుకుని చూశారు. సబ్‌హెడింగ్‌గారు స్వయంగా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎండలో పెట్టి, దూరం జరిపి, దగ్గరికి జరిపి చూశారు. నన్ను కూడా చూడమన్నారు. నాకు యాభై మూడేళ్లు. చీమలే కనబడ్డాయి.

"అయితే ఇక్కడున్నవాళ్లం అందరం ఒకటే సార్" అంది ఫార్మసిస్టుగారు.

"అదెలా అమ్మా? మేం ఆఫీసర్లం" అన్నారు సబ్‌హెడింగ్‌గారు, నొచ్చుకోకుండానే.

ఆ ఫుట్‌నోట్ పెద్ద అక్షరాల్లో పంపమని ప్రధాన కార్యాలయానికి ఉత్తరం రాయాలనీ, జవాబొచ్చేదాకా యంత్రం కేసు తాలూకు సాక్ష్యంగా, అంటే ఎక్జిబిట్‌గా, ఆఫీసులోనే ఉండాలనీ, వాడకపోతే పాడైపోతుంది కాబట్టి ప్లగ్గు పెట్టే ఉంచాలనీ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆ తర్వాత ఆ ఆఫీసులో వచ్చిన మార్పు చూసి తీరాలి. నలభై ఐదు దాటిన ఆఫీసర్లందరూ ఎక్జిబిట్ పరిశీలనకి రావడం మొదలుపెట్టారు. ఎన్నాళ్లుగానో తెరవని ఫైళ్లు పళ్లెంలో పెట్టుకుని చదివారు. కొన్ని ఫైళ్లలో తాము సంతకం పెట్టింది దేనికో తెలుసుకుని కొందరు సెలవు పెట్టారు. పదకొండింటికల్లా కౌంటర్ వెనక వరస కట్టేవారు. ముందు నేనంటే నేనని మాటామాటా పెరిగితే టోకెన్లు పెట్టారు.

ఫార్మసిస్టుగారు రోజు విడిచి రోజు దుప్పట్ల పని కాగానే వచ్చేది. "నా వంతు ఎప్పుడు?" అని అడిగేది. "ఎక్జిబిట్‌ని ఆఫీసర్లే పరిశీలించాలమ్మా" అని చెప్పి కుర్చీ వేసేవారు. కుర్చీకి మాత్రం ఎన్నడూ లోటు చెయ్యలేదు.

ఓ మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లాక ఫర్నిచర్ సూపరింటెండెంట్ ఆవిణ్ణి లోపలికి పిలిచారు. "పది నిమిషాలే అమ్మా. నేను గుమ్మంలో ఉంటాను."

ఆవిడ సంచిలోంచి మందు అట్టల కట్ట తీసింది. భర్త ఆసుపత్రి ముందు షాపుల్లో అడిగి తెచ్చిన ఖాళీ అట్టలట. ఒకటి పళ్లెంలో పెట్టింది. తల కొంచెం పక్కకి వంచి తెర అంచు వంక చూసింది. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ చూపుడు వేలితో తెర మీది మొదటి అక్షరాన్ని చుట్టూ తడిమింది. తర్వాత చదివింది. మందు పేరు, మోతాదు, బ్యాచి నంబరు, తయారైన నెల, చెల్లిపోయే నెల. ఇంకోటి పెట్టింది. ఇంకోటి. ఇరవై అట్టలు గడగడా చదివేసింది. గొంతు ఖంగుమంటుంటే పక్క సెక్షన్ టైపిస్టు వచ్చి తొంగిచూసింది.

"నావి కూడా చూడమ్మా" అని పెద్దాయన సరదాగా జేబులోంచి తన గుండె మాత్రల అట్ట తీసిచ్చారు.

ఆవిడ చదివి, "ఇవి వేసుకుంటున్నారా?" అంది.

"రోజూ. పొద్దున్నే."

"నాలుగు నెలల కిందటే చెల్లిపోయాయి బాబాయిగారూ. ఈపూటే కొత్తవి కొనుక్కోండి. ఇవి పారేయండి. పారేయడం కాదు, ఇటివ్వండి, నేనే పారేస్తాను."

పెద్దాయన మొహం పాలిపోయింది. గుమ్మంలోనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే సబ్‌హెడింగ్‌గారు భోంచేసి చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"ఎక్జిబిట్ మీద ప్రైవేటు మందులా?"

"నా ప్రాణం కాపాడిందయ్యా ఈవిడ" అన్నారు పెద్దాయన.

"దానికి వేరే డిపార్ట్‌మెంట్ ఉంది కదండీ" అన్నారు సబ్‌హెడింగ్‌గారు. ఆరోజు నుంచి గదికి తాళం వేయించారు. తాళంచెవి టోకెన్ మీద ఇచ్చేవారు.

ప్రధాన కార్యాలయం నుంచి జవాబు తొంభయ్యో రోజున వచ్చింది. ఒకే వాక్యం. "జతపరిచిన ఫుట్‌నోట్ ప్రతిని చూడగలరు." జతపరిచిన జిరాక్సు కాగితం ఖర్చు తగ్గించడం కోసం ఒక పేజీలో నాలుగు పేజీలు పట్టేట్టు తీసింది. చీమలు నలుసులయ్యాయి.

కమిటీ మళ్లీ కూర్చుంది. "చూడగలరు" అంటే చూడమని ఆజ్ఞా, చూడగలుగుతారని అభిప్రాయమా అన్న దాని మీద రెండు పూటలు చర్చ నడిచింది. ఆజ్ఞ అయితే పాటించాలి, అభిప్రాయం అయితే విభేదించవచ్చు. ఏ సంగతో స్పష్టం చేయమని మళ్లీ ఉత్తరం రాశారు.

ఇంతలో వందో రోజు దగ్గరపడింది. సమీక్షకి మంత్రిగారు స్వయంగా వస్తున్నారు. ప్రగతి నివేదిక చాలా బాగుంది. వచ్చినవి ఒకటి, చురుగ్గా పరిశీలనలో ఉన్నవి ఒకటి, తిరస్కరించినవి సున్నా. ఒక్క దరఖాస్తు కూడా తిరస్కరించని కౌంటర్ ఆ ఆఫీసులో అదొక్కటే.

"అందుకున్నవాళ్లెవరూ లేరా? మంత్రిగారి చేతుల మీదుగా ఎవరికైనా ఏదైనా ఇవ్వాలి కదా?" అని మంత్రిగారి పీఏ అడిగాడు. కమిషనర్‌కి చెమటలు పట్టాయి. యంత్రాన్ని తాత్కాలికంగా విడుదల చేద్దామనీ, హెడింగ్ తర్వాత చూసుకుందామనీ నిర్ణయించారు. ఆ కబురు ఫార్మసిస్టుగారి ఇంటికి నేనే మోసుకెళ్లాను. ఆసుపత్రి వాళ్లిచ్చిన గడువుకి ఇంకా మూడు రోజులుంది.

ఆవిడ నన్ను కూర్చోమని కూడా అనలేదు. "ఏవండీ!" అని లోపలికి కేకేసింది. భర్త వచ్చాడు. చేతులకి ఇంకా గ్రీజు ఉంది. చెప్పగానే ఆ చేతులతోనే నా చేతులు పట్టుకున్నాడు. యంత్రం పెట్టుకోడానికి కిటికీ పక్కన స్టూలు చేసి పెట్టి రెండు నెలలైందట. దాని కాళ్లు సమంగా ఉన్నాయో లేదో నన్ను చూడమన్నాడు. సమంగానే ఉన్నాయి.

సభకి ఇద్దరూ అరగంట ముందే వచ్చారు. యంత్రం చుట్టుకుపోవడానికి దళసరి దుప్పటి తెచ్చుకున్నారు. బయట ఓ చిన్న వ్యాను మాట్లాడి పెట్టుకున్నారు. ఆవిణ్ణి వేదిక మీద కూర్చోబెట్టారు. యంత్రం మంత్రిగారి ముందు బల్ల మీద ఉంది, ప్లగ్గుతో సహా.

మంత్రిగారు మాట్లాడటానికి లేచారు. పీఏ ఉపన్యాసం కాగితం చేతికిచ్చాడు. మంత్రిగారి ఫొటోలు ఊరంతా ఉన్నాయి. ఒక్కదాన్లోనూ కళ్లజోడు లేదు. అందుకని ఆయన సభల్లో కళ్లజోడు పెట్టుకోరు. ఉపన్యాసం ఎప్పుడూ పెద్ద అక్షరాల్లో కొట్టిస్తారు. ఈసారి కొట్టించింది కస్టమ్స్ ఆఫీసు. పొదుపు సర్క్యులర్ ప్రకారం మొత్తం ఒక్క పేజీలో సర్దేశారు.

మంత్రిగారు కాగితాన్ని దూరం పెట్టి చూశారు. ఇంకా దూరం పెట్టారు. చెయ్యి అయిపోయింది. "సోదర సోదరీమణులారా" అని ఆగారు. మళ్లీ "సోదర సోదరీమణులారా" అన్నారు.

సబ్‌హెడింగ్‌గారు చటుక్కున లేచి ఆ కాగితాన్ని వినయంగా తీసుకుని పళ్లెంలో పెట్టారు. తెర మీద అక్షరాలు అరచెయ్యంత అయ్యాయి.

మంత్రిగారు అదరగొట్టారు. నలభై నిమిషాలు తడుముకోకుండా చదివారు. చివర కాగితంలో లేని మాట ఒకటి సొంతంగా అన్నారు. "ఇన్నేళ్లలో నా ఉపన్యాసం నాకు ఇంత స్పష్టంగా ఎప్పుడూ అర్థం కాలేదు!" హాలు మార్మోగింది. ఫార్మసిస్టుగారు కూడా చప్పట్లు కొట్టింది. ఆయన ఎంత హాయిగా చదివారో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

మంత్రిగారు కూర్చుని యంత్రాన్ని ప్రేమగా నిమిరారు. వంగి పీఏ చెవిలో ఏదో అన్నారు. పీఏ కమిషనర్ చెవిలో అన్నాడు. కమిషనర్ సబ్‌హెడింగ్‌గారి చెవిలో అన్నారు. నేను వెనకే ఉన్నాను కాబట్టి వినబడింది. "సార్‌కి నచ్చింది. ఈ సమస్యని సారు స్వయంగా అధ్యయనం చేస్తారు. ఇది ఏ హెడింగ్ కిందికి వస్తుంది?"

వంద రోజులు, ఒక కమిటీ, ప్రధాన కార్యాలయం తేల్చలేని ప్రశ్న అది. సబ్‌హెడింగ్‌గారు కళ్లు మూసుకున్నారు. తెరిచారు.

"జ్ఞాపిక" అన్నారు. "ప్రజలు ప్రేమతో మంత్రిగారికి బహూకరించే వస్తువు. సుంకం లేదు. సబ్‌హెడింగ్ కూడా అక్కర్లేదు."

పట్టుమని పది సెకన్లు పట్టలేదు. ప్రతిభ అంటే అదీ.

ఫొటోల వేళ అయింది. మంత్రిగారు ఓ పక్క, ఫార్మసిస్టుగారు ఓ పక్క యంత్రం పట్టుకున్నారు. "ఇటు చూడండి, నవ్వండి" అన్నారు ఫొటోలవాళ్లు. ఆవిడ వాళ్ల పక్కకి ఎటో చూసి నవ్వింది. ఫొటోలైపోయాయి. మంత్రిగారు వదల్లేదు. ఆవిడా వదల్లేదు. వేదిక కింద భర్త దుప్పటి విప్పి పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, మీరింక వదలొచ్చు" అన్నాడు పీఏ.

"ఎందుకు?" అంది ఆవిడ.

పీఏ ఆవిడ వేళ్లు విడదీశాడు. కంగారేమీ లేకుండా, ఒక్కొక్క వేలూ, ఎంతో మర్యాదగా. యంత్రం మంత్రిగారి కారెక్కింది. హాల్లో చప్పట్లు ఇంకా ఆగలేదు. మాట్లాడి పెట్టుకున్న వ్యాను ఖాళీగా వెళ్లింది. దుప్పటి మడతపెట్టింది ఆవిడే. ఈమధ్య ఆ పని బాగా అలవాటైంది కదా.

గడువు రోజున ఆసుపత్రి డాక్టరు ఇరవై అట్టలు ఆవిడ ముందు పెట్టాడు. మొదటిది ఆవిడ కిటికీ వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి పావుగంటలో చదివింది. రెండోది కూడా చదివింది. మూడోది చేతిలోకి తీసుకుని కింద పెట్టేసింది.

"రంగుని బట్టి ఇదేదో ఊహించగలను సార్" అంది. "చెప్తే బహుశా సరిపోతుంది కూడా. కానీ ఊహించి మందివ్వకూడదు."

ఆవిణ్ణి కిటికీ నుంచి తప్పించే కాగితం మీద డాక్టరుగారు చాలాసేపు సంతకం పెట్టలేకపోయాడట. చివరికి పెట్టాడు. మూడో కిటికీకి కొత్త ఫార్మసిస్టు వచ్చాడు. ఈవిడకి దుప్పట్ల గది ఖాయమైంది.

ఓ పది రోజులకి సబ్‌హెడింగ్‌గారు నన్ను పిలిచారు. ఫైలు మూయడానికి దరఖాస్తుదారు సంతకం కావాలి. యంత్రం తన ఇష్టపూర్వకంగా బహూకరించినట్టూ, కౌంటర్ సేవల పట్ల పూర్తి సంతృప్తి వెలిబుచ్చినట్టూ కాగితం తయారుచేశారు. నేను పట్టుకుని దుప్పట్ల గదికి వెళ్లాను.

కిటికీ లేని గది. నేల నుంచి పైకప్పు దాకా తెల్ల దుప్పట్లు. ఆవిడ చూడకుండానే వేళ్లతో అంచులు లెక్కపెడుతోంది. నా అడుగుల చప్పుడు విని, "గుమాస్తాగారా, కూర్చోండి" అంది. కూర్చున్నాను. కాగితం చదివి వినిపించమంది. ఒక్క ముక్క వదలకుండా వినిపించాను.

"ఫైలు మూస్తే ఆ పెద్దాయనకేమైనా మాట వస్తుందా? మాత్రలాయనకి?"

"రాదండీ. మూయకపోతేనే వస్తుంది."

"అయితే ఇవ్వండి."

ఎక్కడ పెట్టాలో నా వేలు ఆనించి చూపించాను. ఆవిడ పెన్ను నా వేలిని ఆనుకుని మొదలై, గీత దాటి, కాగితం అంచుదాకా వెళ్లింది. నేను కాగితం మడిచి చంకలో పెట్టుకున్నాను. లేవబోతుంటే ఆవిడ దుప్పట్ల మధ్య నుంచి ఓ పాత పేపరు తీసింది. సభ మర్నాటిది. మొదటి పేజీలోనే వేశారు, పెద్ద ఫొటో.

"మా ఆయన ఇది నాకు చదివి వినిపించనంటాడు. కోపం ఆయనకి. ఏం రాశారు?"

"చూపు తగ్గిన మహిళకు యంత్రం అందజేస్తున్న మంత్రిగారు అనండీ."

"కింద రాసింది సరే. ఫొటోలో ఎవరిస్తున్నారు, ఎవరు తీసుకుంటున్నారు?"

పేపరు గుమ్మం దగ్గర వెలుగులోకి తీసుకెళ్లాను. ఒక పెట్టె. దాని మీద నాలుగు చేతులు. రెండు మొహాలూ నవ్వుతున్నాయి. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను.

"తెలియడం లేదండీ" అన్నాను.

"మీక్కూడానా?" అందావిడ.